చాగోస్ వ్యాసం పంపిన యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల మీద నువ్వు పంపిన వ్యాసం చదవబోయి రెండో పేరాలోనే ఆగిపోయాను. "అమెరికా స్థావరం కోసం అక్కడి ఒప్పంద కూలీలను మారిషస్‌కు తరలించారు" అని రాశావు. ఆ వాక్యం నీది కాదు, లండన్ అధికారులది. నీకు తెలియకుండానే వాళ్ల ఫైలుకు నకలు తీసిపెట్టావు.

ఆ మాట ఎందుకు పుట్టిందో చూడు. మారిషస్‌కు స్వాతంత్ర్యం రాకముందే, 1965 నవంబరు 8న, బ్రిటన్ ఆ దీవులను విడదీసి తన కొత్త భూభాగంగా ప్రకటించుకుంది. అందుకు మారిషస్‌కు 30 లక్షల పౌండ్లు ముట్టజెప్పింది. అక్కడ స్థిర నివాసులున్నారని ఒప్పుకుంటే ఐక్యరాజ్యసమితికి వారి బాగోగుల లెక్క చెప్పాలి. కూలీలంటే ఆ బెడద లేదు, ఒప్పందం ముగిసిందంటే సరిపోతుంది. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి కొబ్బరితోటల యజమానులు ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతిని, తాతల సమాధులు ఆ ఇసుకలోనే ఉన్నవారిని, ఒక్క మాటతో బాటసారులను చేశారు. తర్వాత దక్షిణ భారతం నుంచి వెళ్లిన కూలీలూ వారిలో కలిసిన మాట నిజమే. తాత కూలీగా దిగినంత మాత్రాన మనవడు ఊరివాడు కాకుండా పోతాడా?

ఇక "తరలించారు". ఎవరు? చాలా ఏళ్ల కిందట జలాశయంలో మునిగిన ఒక ఊరి గురించి రాస్తూ "వెళ్లగొట్టారు" అన్నాను. ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని "తరలివెళ్లారు" అని దిద్దాడు, సమతూకం కోసమట. అచ్చయిన కాగితం చదివించుకున్న ఆ ఊరి ముసలమ్మ, "మా అంతట మేమే పోయామా బాబూ?" అని అడిగింది. ఆ సంపాదకుణ్ణి నేను ఇంకా క్షమించలేదు. కర్త లేని క్రియను నిష్పాక్షికత అనుకునే ఈనాటి ఫ్యాషన్‌నూ అంతే.

1968 నుంచి, వైద్యానికో చుట్టపుచూపుకో మారిషస్ వెళ్లినవారిని బ్రిటన్ తిరుగు ఓడ ఎక్కనివ్వలేదు. 1971లో అమెరికా సైనిక స్థావరానికి ఎంచిన డియెగో గార్సియా దీవిని, 1973 నాటికి చివరిదైన పెరోస్ బన్హోస్‌ను ఖాళీ చేయించింది. ఇలా కర్తను ముందు నిలబెట్టు, వాక్యం దానంతటదే నడుస్తుంది.

కోర్టుల కథకు నాలుగు పేజీలు అక్కర్లేదు. 2000లో లండన్ హైకోర్టు దీవివాసుల తిరిగివెళ్లే హక్కు పక్షాన తీర్పిచ్చింది. 2004లో పార్లమెంటు గడప తొక్కకుండా, రాణి పేరిట వెలువడిన ఉత్తర్వుతో ప్రభుత్వం ఆ హక్కును తుడిచేసింది. 2008లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ న్యాయమూర్తులు 3-2తో ఆ ఉత్తర్వునే నిలబెట్టారు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విభజన చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 116-6తో దాన్ని సమర్థించింది. 2025 మే 22 నాటి ఒప్పందం సార్వభౌమత్వం మారిషస్‌దంటూనే, డియెగో గార్సియాను 99 ఏళ్లపాటు బ్రిటన్ చేతిలో ఉంచడానికి ఒప్పుకుంది. దీనిని నువ్వు "విజయం" అన్నావు. ఎవరి విజయమో రాయలేదు. దాని మీద సంతకాలు రెండు ప్రభుత్వాలవి, దీవివాసులవి కావు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, అది తర్వాత చూద్దాం. మాది కొబ్బరి సీమ. కురిడీల వాసన తెలిసినవాణ్ణి. ఎండుకొబ్బరి ఆరబెట్టే షెడ్డులోకి మాంసంతో ఆశపెట్టి దీవివాసుల కుక్కలను రప్పించి, తలుపులు మూసి, వాహనాల పొగ గొట్టాలను లోపలికి పెట్టి చంపారని, ఓడ ఎక్కవలసినవారు అది చూస్తూ నిలబడ్డారని రాసిన పేరా ఉంది కదా, అందులో మటుకు ఒక్క అక్షరం మార్చకు.