సంగటి కెలికేంతసేపు

తిరుపతి,
ఆదివారం

పాపా,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొగుడూ పెళ్లాల గొడవ పదకొండు పేజీలు రాశావు. దానికి ముందు "అమ్మ సంగటి చేస్తుంది" అని ఒక్క ముక్క. నా మనసు అక్కడే నిలబడిపోయింది.

చిత్తూరులో మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ పని చూశాను. నూకలు ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి మూత పెట్టింది మీ అమ్మ. మగ్గినాక గిన్నె కిందికి దించి, రెండు పాదాలతో అదిమిపట్టి, కట్టెతో కెలికింది. ఉండ కట్టకూడదు కదా, అంతసేపూ మాటాడలేదు. చెయ్యి తడుపుకుని ముద్ద చేసేటప్పుడు అరచెయ్యి చురుక్కుమంటే ఒక్కసారి ఊదుకుంది. నీ స్క్రిప్టులో నేను వెతికింది దానికోసమే.

బెల్జియం దర్శకురాలు షాంతాల్ ఆకెర్మాన్ మాదిరి సినిమాలు తియ్యాలని రాశావు. ఆమె 1950లో బ్రసెల్స్‌లో పుట్టింది. సినిమా స్కూల్లో చేరి నెలల్లోనే మానేసింది. పద్దెనిమిదేళ్లప్పుడు తీసిన మొదటి పొట్టి సినిమా వంటింట్లోనే నడుస్తుంది, అందులో నటించిందీ తనే. పాతికేళ్లు నిండీ నిండకముందే, 1975లో, 'జాన్ డీల్మాన్' వచ్చింది. మొగుడు పోయి, కొడుకుతో ఉండే ఒకామె మూడు రోజుల బతుకు, మూడు గంటల ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం మగవాళ్లు ఇంటికొచ్చి డబ్బిచ్చి పోతుంటారు. ఇంకెవరైనా అయితే కథంతా అక్కడే పెట్టేవాళ్లు. ఈమె మాత్రం కెమెరాను కదలకుండా నిలిపి, ఉర్లగడ్డల చెక్కు తీసినంతసేపూ చూపించింది. రెండోరోజు ఆ ఉర్లగడ్డలు మరీ ఉడికిపోతాయి. అంతమాత్రానికే మనకు గుండె దడ పుడుతుంది. మొదటిరోజు ఆమె చేతిపనంతా ఓపిగ్గా చూసి ఉన్నాం గనకనే ఆ దడ. నువ్వు నేర్చుకోవాల్సింది ఇదీ.

2022లో సైట్ అండ్ సౌండ్ అనే బ్రిటిష్ సినిమా పత్రిక, అన్ని కాలాల్లోకీ గొప్ప సినిమాలేవని విమర్శకులతో పెట్టిన ఓటింగులో ఆ సినిమాకే మొదటి స్థానం వచ్చింది, నలభై ఏడేళ్ల తర్వాత. ఆమె అప్పటికి లేదు, 2015లోనే పోయింది. చివరి సినిమా కూడా ముసలి తల్లితో, ఎక్కువభాగం ఆ తల్లి ఇంట్లోనే తీసింది.

ఇదంతా పరాయి దేశాల సంగతి అనుకోవద్దు. దర్శకురాలు దీపా ధన్‌రాజ్ వాళ్ల యుగాంతర్ సినిమా బృందం, హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ల సంఘంతో కలిసి 1983లోనే 'ఇది కథ మాత్రమేనా' తీసింది. తెలుగులో, ఇంటిలోపలి హింస మీద. వెతికి చూడు.

నా మొదటి కథలో మా అమ్మ రుబ్బురోలు దగ్గర కూర్చున్న రెండు పేజీలు ఉండేవి. కథ నడవడం లేదని ఒక పత్రికవాళ్లు తీసేశారు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశకొద్దీ నేను సరేనన్నాను. అమ్మ పోయాక ఆ కాగితాలకోసం ట్రంకుపెట్టె అంతా తిరగేశాను, దొరకలేదు. ఇన్ని పుస్తకాలు రాసినా ఆ బాధ తీరలేదు. అందుకే నీకు ఇంత గట్టిగా చెబుతున్నా.

గొడవ పేజీలు పక్కన పెట్టు. సెల్‌ఫోను చాలు, పొయ్యికి ఎదురుగా స్టూలు మీద నిలబెట్టు. ముందు అమ్మను అడుగు, ఆమె సరేనంటేనే తియ్యి. పిండి పోసినప్పటినుంచి ముద్ద పళ్లెంలో పడేదాకా ఆపొద్దు. తోతాపురి కాయలు దిగితే ఆమె జ్యూస్ ఫ్యాక్టరీ పనికి పోతుంది, ఇంట్లో దొరకదు. జూన్ లోపలే తీసి, బస్సెక్కి ఇక్కడికి రా. ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ