కొండగాలికి కైట్ ఎత్తకు

కోడలు పిల్లా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి సముద్రం మీద జారే ఈ పిచ్చి దానికి నువ్వే అంటించావురా" అని అరగంట తిట్టింది. నేను అంటించిందేముంది? చిన్నప్పుడు నా కైట్‌ని తిప్పే కడ్డీ, ఆ పాత బార్‌ని మేడ మీద దండేనికి కట్టుకుని, కైట్‌ని ఒంటికి తగిలించే పట్టా, ఆ హార్నెస్‌ని నడుముకి రెండు చుట్లు తిప్పుకుని ఊగేదానివి. చూసి నవ్వాను, అంతే.

రామేశ్వరంలో ఐదు రోజులు కైట్‌సర్ఫింగ్ నేర్చుకున్నావట. ఎవరో వాడిన 12 చదరపు మీటర్ల కైట్ కొన్నావట. డిసెంబరు సెలవులకి ఇంటికొచ్చి, తెల్లారగట్ల జనం రాకముందే గోపాల్‌పూర్ ఒడ్డున ఒక్కదానివే దిగుతావట. మొదటి మాటకి మీసం దువ్వుకున్నాను. మన వీధి ఆడవాళ్ళు ఒడ్డున చేపలు ఎండబెట్టారు, బుట్టలు మోశారు, బరంపురం వెళ్ళి అమ్మారు. నీళ్ళ మీదికి మాత్రం ఎవరూ పోలేదు. మూడో మాట విన్నాక నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

చిన్నవి ముందు చెప్పేస్తాను. హెల్మెట్ పెట్టుకో. తేలే వెస్ట్ వేసుకో. తాళ్ళు కోసే కత్తి హార్నెస్‌కే ఉండాలి, సంచిలో కాదు. బోర్డుకి లీష్, అంటే దాన్ని ఒంటికి కలిపే తాడు, కట్టకు. సాగి వెనక్కి వచ్చిన బోర్డు తలకే తగులుతుంది. తాడు చేతికి చుట్టుకోకు. గాలం తాడుకి వేలు పోగొట్టుకున్న వాళ్ళని చూస్తూ పెరిగినదానివి, నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ 12 మీటర్ల సంగతి. నువ్వు 55 కిలోలు కూడా ఉండవు. 12, 14 నాట్ల గాలికి, అంటే గంటకి 22 నుంచి 26 కిలోమీటర్ల గాలికి, అది నీకు సరిపోతుంది. మన ఒడ్డున వేసవిలో మధ్యాహ్నం రెండు దాటాక గాలి ఒక్కోసారి 20 నాట్లకి వెళ్తుంది. అప్పుడు నీకు 7 గానీ 8 గానీ చాలు. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగు రెట్లవుతుంది, ఇది మర్చిపోకు. కొన్నది పాతది కాబట్టి ఇంట్లోనే దాని గొట్టాలకి గాలి కొట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున్నకి మెత్తబడితే వాల్వు దగ్గర జిగురు పోయిందని లెక్క. నాలుగు తాళ్ళూ ఒక మేకుకి తగిలించి లాగి చూడు, సమానంగా ఉన్నాయో లేదో. క్విక్ రిలీజ్‌ని, అదే నొక్కగానే కైట్ లాగుడు నుంచి నిన్ను విడిపించేదాన్ని, ఇసకలో నొక్కి నొక్కి, కళ్ళు మూసుకున్నా చెయ్యి దాని మీదికే పోయేదాకా సాధన చెయ్. ఇసక పట్టి బిగుసుకుపోతుంది, మంచినీళ్ళతో కడుగు. దుబాయ్‌లో నేను నేర్చుకున్న రోజుల్లో కైట్లకి బార్ వదిలినా లాగుడు పూర్తిగా తగ్గేది కాదు. నీకు ఆ బాధ లేదు. 2005 నుంచి వచ్చిన వాటికి బార్ వదిలితే చాలావరకు చల్లబడతాయి.

ఇప్పుడు డిసెంబరు, తెల్లారగట్ల, ఒక్కదానివే. ఈ మూడూ కలిపి నేను ఒకసారి చేశాను. మీ అమ్మకి ఈ రోజుకీ తెలీదు.

2009 డిసెంబరు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చాను, నాతో ఒక ఎర్ర కైట్ తెచ్చాను. అక్కడ వాటర్ స్పోర్ట్స్ కంపెనీలో పడవ నడుపుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా నేర్చుకున్న విద్య. మన వీధిలో అందరికీ చూపించాలని సరదా. వచ్చిన మూడో రోజు పొద్దున్నే లేచి చూస్తే సముద్రం నూనె పోసినట్టు ఉంది. గోపాల్‌పూర్ ఒడ్డు నీకు తెలుసు, కెరటం కాళ్ళ దగ్గరే నిలువుగా విరిగి పడుతుంది. ఆ రోజు అదీ లేదు. వీపుకి చల్లగా మంచి గాలి. బంగాళాఖాతంలో ఎక్కడో అల్పపీడనం ఉండి కొండగాలి మామూలు కంటే గట్టిగా వీస్తోంది. ఇంత అందమైన నీళ్ళు దుబాయ్‌లో కూడా చూడలేదనుకున్నాను. నీళ్ళు ఎందుకు అంత నున్నగా ఉన్నాయో ఆలోచించలేదు. గాలి ఒడ్డు నుంచి లోపలికి పోతూ కెరటాన్ని అణిచేస్తోంది. మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే గాలి అది. పుట్టిన దగ్గర్నుంచి తెలిసిన గాలి. మీ తాత దాని మీదే తెప్ప తోసుకుని వేటకి పోయేవాడు, మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగాక దాని మీద వచ్చేవాడు. పోవడానికి ఒక గాలి, రావడానికి ఒక గాలి. చేతిలో విదేశీ సరుకు ఉండేసరికి నాకు ఇంటి గాలే గుర్తు రాలేదు.

పావుగంట రాజాలా తిరిగాను. ఒడ్డు దగ్గర గాలి ఇళ్ళకీ సరుగుడు చెట్లకీ తగిలి తునకలు తునకలుగా వస్తుంది, లోపలికి పోయే కొద్దీ ఒకే తీరుగా, గట్టిగా ఉంటుంది. బాగుంది కదా అని ఇంకా లోపలికి పోయాను. ఎనిమిదిన్నరకి ఎండ కాసి నేల వేడెక్కింది. కొండగాలి ఆగింది. సముద్రం గాలి ఇంకా పుట్టలేదు. ఆ రెండింటి మధ్య గంటా గంటన్నర ఆకు కదలదు. కైట్ మెల్లగా నీళ్ళ మీదికి వాలింది. దీపస్తంభం అగ్గిపుల్లంత కనిపిస్తోంది.

అసలు తప్పు అప్పుడు చేశాను. లోపలికి పోవడం తెలివితక్కువతనం, సరే. కానీ నేను కైట్‌ని నాకు కలిపి ఉంచే లీష్ తీసేసి కైట్‌ని వదిలేశాను. ఈత వచ్చు కదా, సముద్రం పక్కన పుట్టాను కదా, ఒడ్డు కనిపిస్తోంది కదా అని ఈదడం మొదలుపెట్టాను. నవంబరు, డిసెంబరుల్లో ఒడ్డు వెంట నీరు దక్షిణానికి పోతుంది. గంట ఈదాక తల ఎత్తి చూస్తే దీపస్తంభం దగ్గర పడలేదు, పక్కకి జరిగింది. తర్వాత చేతులు చెప్పిన మాట వినలేదు. వెల్లకిలా పడుకుని తేలుతూ, దేవుళ్ళ పేర్లు మర్చిపోయి మా అమ్మని పిలిచాను.

ఆ పొద్దున్న మీ నాన్న రాత్రి వల తీసుకుని ఫైబర్ పడవలో వస్తున్నాడు. దూరంగా ఎర్రగా ఏదో తేలుతుంటే వచ్చి చూశాడు. కైట్ ఉంది, బార్ ఉంది, మనిషి లేడు. గంటసేపు దాని చుట్టూనే తిరిగాడట. మునిగిపోయాననుకుని నీళ్ళలోకి చూస్తూ తిరిగాడు. చివరికి పడవని ఒడ్డు వైపు తిప్పి, కొంచెం దూరం పోవడం, ఇంజను ఆపడం, చెవి పెట్టి వినడం, మళ్ళీ కొంచెం పోవడం. అలా నా గొంతు విన్నాడు. చొక్కా పట్టుకుని లాగి చేపల మీదే పడేశాడు. కవ్వళ్ళు. ఆ జిగురు వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. ఒడ్డు చేరే దాకా మాట్లాడలేదు. చేరాక, "కైట్ పట్టుకుని ఉంటే గంట ముందే దొరికేవాడివి" అన్నాడు. అంతే. మీ అమ్మతో మాత్రం ఇంజను పాడై ఆలస్యమైందన్నాడు.

నువ్వు పట్టుకున్న గాలి నింపే కైట్‌కి ఫ్రాన్స్‌లో లెగైన్యూ అన్నదమ్ములు 1984లో పేటెంట్ తీసుకున్నారు. నీళ్ళలో పడితే తేలాలి, మళ్ళీ లేవాలి, అదే వాళ్ళ పట్టుదల. అంటే నా చేతిలో తెప్ప ఉంది. నేను తెప్పని వదిలి ఈదాను.

కాబట్టి కైట్ పడి లేవకపోతే ఇలా చెయ్. ముందు క్విక్ రిలీజ్ నొక్కు, కైట్ లీష్ మీద చల్లబడుతుంది. ఆ లీష్ ఉన్న తాడునే మొదట బార్‌కి కొంత చుట్టు, కైట్ మళ్ళీ గాలి పట్టకుండా ఉంటుంది. తర్వాత మిగతా తాళ్ళు కలిపి చుట్టుకుంటూ కైట్ దగ్గరికి పో. దాని మీదికి ఎక్కు. గాలి ఒడ్డు వైపు ఉంటే రెండు కొసలూ దగ్గరికి లాక్కుంటే తెరచాపలా పని చేసి నిన్ను తెస్తుంది. గాలి లేకపోతే దాని మీద పడుకుని ఈల ఊదు. ఈల కొనుక్కో, పది రూపాయలది చాలు. రామేశ్వరంలో ఇది ఒక్కసారి చేయించి ఉంటారు. నువ్వు లోతు నీళ్ళలో, పక్కన పడవ ఉండగా, పది సార్లు చెయ్యి.

డిసెంబరు మానెయ్. ఉగాదికి రా. మార్చి నుంచి మధ్యాహ్నం దక్షిణం గాలి ఒడ్డుకి ఏటవాలుగా వస్తుంది, పడితే నిన్ను ఒడ్డుకే తోస్తుంది. నీకు పోయే గాలితో పని లేదు, వచ్చే గాలే కావాలి. కానీ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వాయవ్యం వైపు నల్ల మబ్బు కనిపిస్తే, ఇక్కడి వాళ్ళు కాలబైశాఖి అంటారు చూడు, అది మీద పడేదాకా ఆగకు. ముందు ఉన్న గాలి చచ్చిపోతుంది, తర్వాత ఎదురు దిక్కు నుంచి చల్లగా ఒక్కసారి కొడుతుంది. మబ్బు కనిపించగానే కైట్ దించి, మడిచి, టీ తాగు.

దీపస్తంభం దగ్గర ఎత్తకు. ఆదివారం జనం, బజ్జీల బళ్ళు, పిల్లలు. తాడు మెడ ఎత్తులో పోతుంది, ఎవరికీ కనిపించదు. నీకు గాలి పోయే వైపు కనీసం రెండు తాళ్ళంత దూరం, అంటే ఓ 50 మీటర్లు, ఖాళీగా ఉండాలి. కెరటం దాటేటప్పుడు బోర్డు నీకూ కెరటానికీ మధ్య పెట్టుకోకు, పళ్ళు రాలతాయి. కైట్‌ని నీటి వైపు ఏటవాలుగా పెట్టి, ఒళ్ళు ఈడ్పించుకుంటూ విరిగే చోటు దాటి, అప్పుడు బోర్డు ఎక్కు.

సోనాపూర్ దగ్గర బాహుదా మొగలో నీళ్ళు నున్నగా ఉంటాయని ఎవరైనా చెబుతారు. నిజమే, పోటు వేళ. పాటు వేళ ఆ మొగ నిన్ను బయటికి మింగేస్తుంది. చిలికా కూడా లోతు లేదని నమ్మకు. రంభ వైపు రొయ్యల ఘేరీల, అంటే కంచెల, వెదురు కర్రలు నీళ్ళకి జానెడు కింద ఉంటాయి, ముందు రోజు నాటు పడవలో తిరిగి చూసుకోకుండా దిగొద్దు. చలికాలం పక్షులు దిగిన చోటికి అసలు వద్దు, కైట్ నీడకే లక్ష రెక్కలు లేస్తాయి. ఋషికుల్యా మొగ తాబేళ్ళు గుడ్లు పెట్టే ఫిబ్రవరి, మార్చిలో వాటిది. గోలబంధలో ఆర్మీ వాళ్ళ ఫైరింగ్ ఉన్న రోజు మన పడవలే పోవు, నువ్వూ పోకు.

ఇంత రాశాక అనిపిస్తోంది, నేను నిన్ను భయపెడుతున్నానేమో అని. భయపడితే నష్టం లేదులే. ఐదు రోజుల్లో బోర్డు మీద నిలబడ్డావని వీడియో పంపావు కదా, నాకు నెల పట్టింది. మోకాళ్ళు ఇంకొంచెం వంచు, కైట్ వైపు కాదు, పోయే వైపు చూడు. వీడియో మీ నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మూడు సార్లు చూశాడు, ఏమీ అనలేదు.

ఇందాక వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. నువ్వు కొన్న కైట్ ఏ రంగో కనుక్కోమన్నాడు. నీలం, ఆకుపచ్చ అయితే మార్చెయ్యమన్నాడు.

మీ మావయ్య