రెండు కాలాల దెయ్యం కథ రాస్తున్న మేనకోడలికి

వడపళని, చెన్నై

చిరంజీవి చిన్నికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన అరవై పేజీలు రెండుసార్లు చదివాను. జార్జ్‌టౌన్‌లో పాత మేడ, అందులో అద్దెకు దిగిన పిల్ల, అదే ఇంట్లో 1914లో మాయమైన కోడలు. సరుకు బాగుంది. కానీ రెండు పేజీలకోసారి కాలం మార్చేస్తుంటే, గేర్లు వేయడం కొత్తగా నేర్చుకుంటున్నవాడి పక్కన కూర్చున్నట్టుంది.

దెయ్యం కేకలకు ఎవరూ రెండోసారి భయపడరు. అప్పుడేం జరిగిందో మనకు తెలిసి, ఇప్పటి మనిషికి తెలియకపోతే టెన్షన్ అక్కడ పుడుతుంది. నువ్వేమో కోడల్ని ఎక్కడ పూడ్చారో చివరిదాకా దాచావు. దాచకు. వంటింటి మూల, రుబ్బురోలు పక్కన బండలు లేపి మళ్ళీ పరిచారని ముందే చూపించు. తర్వాతి అధ్యాయంలో మన పిల్ల గ్యాస్ సిలిండర్‌కి సరిగ్గా ఆ మూలే ఎంచుకుంటుంది. కింద బండ కాస్త కదులుతుంది. పాత పేపర్ మడిచి సందులో దోపి, టీ పెట్టుకుంటుంది. అంతే రాయి. చదివేవాడి సంగతి వాడు చూసుకుంటాడు.

బేతాళ కథలు చదివే పెరిగావు కదా. 1947లో ఈ మద్రాసులోనే పుట్టిన 'చందమామ'ని మీ అమ్మమ్మ అట్టపెట్టెలో దాచేది, గుర్తుందా? విక్రమార్కుడి భుజం మీద శవం ఒక కాలం, అది చెప్పే కథ ఇంకో కాలం. కథ అయ్యాక ప్రశ్న వస్తుంది. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం చెట్టెక్కుతుంది. ఎప్పటిదో కథ వచ్చి ఇప్పటి మనిషి మెడకు చుట్టుకుంటోంది చూశావా? నీ రెండు కాలాల మధ్య ఆ ముడి పడలేదు. ఆ కోడలి గొడవ ఈ పిల్లకెందుకు? ఇల్లు ఖాళీ చేసి పోవచ్చుగా?

నేనూ చేశాను ఈ తప్పు. ఓ వారపత్రికకు సీరియల్ రాస్తూ, పాతకాలం మొత్తాన్ని ఒక డైరీలో పెట్టి హీరో చేత తొమ్మిది వారాలు చదివించాను. వాడు కుర్చీలోంచి లేవలేదు, పాఠకులు లేచిపోయారు. రెండు వారాల్లో ముగించమని ఎడిటర్ కబురు పెట్టాడు.

కోడలు మాయమైన రాత్రిని సెప్టెంబర్ 22 చేయి. ఆ రాత్రే ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుండ్లు కురిపించింది. రేవు దగ్గర కిరోసిన్ ట్యాంకులు అంటుకున్నాయి. తర్వాతి రోజుల్లో జనం మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచిపోయారు. ఆ హడావుడిలో "కోడలు పుట్టింటికి వెళ్ళింది" అని అత్తగారు అంటే అడిగేవాళ్ళెవరు? నువ్వు రాసిన తుఫాను కంటే ఇది ఎంతో మేలు.

దెయ్యానికి ఏం చేతనవునో, ఏం కాదో ముందే తేల్చుకో. అది బీరువా తాళంచెవి కదపగలిగితే, వందేళ్ళుగా ఎందుకు ఊరుకుందని ఎవరైనా అడుగుతారు. నా మాట విని దానికి చప్పుడు ఒక్కటే ఇవ్వు, రుబ్బురోలు తిరిగే చప్పుడు.

చిన్న తప్పులు కొన్ని. 1914లో మనవాళ్ళు చెన్నపట్నం అనేవారు, మద్రాసు అనేవారు. ఊరికి చెన్నై అని అధికారికంగా పేరు మారింది 1996లో. నీ పాలవాడు యాభై పైసల బిళ్ళ తీసుకుంటున్నాడు. రూపాయికి వంద పైసల లెక్క 1957లో వచ్చింది, అంతకుముందు పదహారణాలు. వాడి చేతిలో అర్ధరూపాయి పెట్టు. అయినా పాలకి అర్ధరూపాయేమిటే, గేదెను కొంటున్నావా?

ఆదివారం పొద్దున్నే వస్తే మింట్ స్ట్రీట్ వైపు వెళ్దాం. మిగిలిన పాత ఇళ్ళ అరుగులు, గడపలు చూపిస్తాను. పది దాటితే అక్కడ కాలు పెట్టలేం. నోట్‌బుక్ తెచ్చుకో, ఫోన్‌లో ఫోటోలు తీసి సరిపెట్టకు.

మామయ్య