రోగం పేరు తేలకపోతే ఆరోగ్యశ్రీ ఎందుకు ఆగుతుంది?

అన్నా, మీ తమ్ముడి జబ్బేంటో మూడు వారాలైనా తేలలేదు, ప్రైవేటులో బిల్లు నాలుగు లక్షలు దాటింది, ఆరోగ్యశ్రీ వర్తించదంటున్నారు అని రాశారు. తప్పు కార్డుది కాదు. తెలంగాణలో పరిమితి 10 లక్షలున్నా డబ్బు ప్యాకేజీ (ఒక్కో చికిత్సకు ముందే ఖరారు చేసిన మొత్తం) వారీగానే వస్తుంది. జబ్బు పేరు లేనిదే ప్యాకేజీ లేదు, అందాకా పరీక్షల ఖర్చు తరచు చేతి నుంచే పడుతుంది.

హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రి) మార్చడం మేలు. కదిలే ముందు బయాప్సీ బ్లాకు (పరీక్షకు ఒంట్లోంచి తీసి మైనంలో భద్రపరిచిన ముక్క), స్లైడ్లు, ఎమ్మారై సీడీ పట్టుబట్టి తీసుకోండి. ఒట్టి రిపోర్టు కాగితంతో వెళ్తే మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు, మళ్లీ డబ్బు కట్టాలి.

నిమ్స్‌లో ఎస్టిమేట్ రాయించుకుని, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం సహాయనిధి ఎల్‌వోసీకి (ఖర్చు భరిస్తామని ప్రభుత్వం ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం) పెట్టండి. డిశ్చార్జయ్యాక కాదు, ముందే. పాత ప్రైవేటు బిల్లులకు రీయింబర్స్‌మెంటు దరఖాస్తు వేరు; ఒరిజినల్స్ ఇచ్చేముందు జిరాక్సులు తీసుకోండి.

జన్యు జబ్బని అనుమానమొస్తే నిమ్స్, సీడీఎఫ్‌డీ (హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ) కలిసి ఉన్న అరుదైన వ్యాధుల కేంద్రంలో అడగండి. ఆ జబ్బు కేంద్ర ప్రభుత్వ 2021 అరుదైన వ్యాధుల విధానం జాబితాలో ఉంటే 50 లక్షల దాకా సాయముంది.