మూడు రోజుల్లో 13 నుంచి 8కి... ఏది నమ్మాలి?

ప్రశ్న: ఫోన్‌లో ఏడు ప్రశ్నల ఆందోళన పరీక్ష ఒకటి కనబడితే ఆదివారం రాశాను. 13 వచ్చింది. కంగారుపడి బుధవారం మళ్లీ రాస్తే 8. ఏది నిజం? నన్ను ఎక్కువగా బాధపెట్టేది గుండెదడ. దాని ఊసే అందులో లేదు. మందులు వాడాలా?

జవాబు: మీరు రాసింది జీఏడీ-7 అయి ఉంటుంది. 2006 నుంచి వాడుకలో ఉన్న ప్రశ్నావళి. అది అడిగేది గత రెండు వారాల సంగతి, ఇవాళ్టిది కాదు. ఆదివారం లెక్కలోని పద్నాలుగు రోజుల్లో పదకొండు బుధవారం లెక్కలోనూ ఉన్నాయి. అయినా అయిదు తగ్గిందంటే చాలావరకు మారింది జబ్బు కాదు, రాసేటప్పటి మనసు.

ఈసారి క్యాలెండర్ ముందు పెట్టుకుని రాయండి. ఒక్కో ప్రశ్నకూ ఆ ఇబ్బంది ఎన్ని రోజులు ఉందో వేళ్ల మీద లెక్కపెట్టండి. అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగానికి మించితే, అంటే ఎనిమిదికి తగ్గకుండా ఉంటే 2, దాదాపు రోజూ ఉంటే 3. ఎంత బాధపడ్డారన్నది కాదు, ఎన్ని రోజులన్నదే లెక్క. ఒక్కరోజు నరకం చూసినా అది 1 మాత్రమే.

రెండో ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. బెంగ ఉందా అని కాదు, దాన్ని ఆపుకోలేకపోతున్నారా అని అడుగుతుంది. పనిలో పడగానే మర్చిపోయే బెంగ దీని కిందికి రాదు. చిరాకు గురించిన ఆరో ప్రశ్నకు మాత్రం 'అది నా స్వభావమేలే' అని సున్నా వేసేస్తారు. వేయకండి.

మొత్తం 0 నుంచి 4 అయితే పెద్దగా లేనట్టే. 5 నుంచి 9 స్వల్పం, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 21 తీవ్రం. 10 దగ్గర గీత గీసినప్పుడు, సాధారణీకృత ఆందోళన రుగ్మత (అదుపులేని బెంగ నెలల తరబడి వదలని జబ్బు) ఉన్న నూరుమందిలో 89 మంది దొరికారు. అది లేని నూరుమందిలో 18 మంది కూడా గీత దాటారు! కాబట్టి 10 గానీ అంతకుమించి గానీ రావడం జబ్బు నిర్ధారణ కాదు, డాక్టరును కలవమనే సూచన. ఆ రుగ్మత అని చెప్పాలంటే లక్షణాలు కనీసం ఆరు నెలలు ఉండాలి.

చివర స్కోరులో కలపని ప్రశ్న ఒకటుంటుంది: వీటివల్ల పని, ఇల్లు, నలుగురితో మెలగడం ఎంత కష్టమైందని. మా దృష్టిలో అసలు ప్రశ్న అదే. 12 వచ్చినా పనులు చేసుకుంటున్న మనిషికన్నా, 8 వచ్చి పనికి వెళ్లలేకపోతున్న మనిషే ముందుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

గుండెదడ ఆందోళనవల్లే అనుకోకండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువైనా, కాఫీ మితిమీరినా, ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ వల్లా వస్తుంది. పైగా థైరాయిడ్ వల్ల నిలకడలేకపోవడం, చిరాకు పెరిగి ఈ స్కోరు కూడా ఎగబాకుతుంది. ముందు థైరాయిడ్‌ను చూసే టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, ఈసీజీ చేయించుకోండి. దడతోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే వెంటనే ఆసుపత్రికి.

మందులా, కౌన్సెలింగా అన్నది స్కోరు తేల్చదు. డాక్టరుకు మొత్తం ఒక్కటే చెప్పక ఏడు జవాబులూ చూపించండి. ఇంట్లో ఎవరివో నిద్రమాత్రలు మాత్రం వేసుకోకండి, అలవాటు పడితే మానడం కష్టం. మళ్లీ రాయడం రెండు వారాల తర్వాతే. చనిపోవాలన్న ఆలోచన గురించి ఇందులో ప్రశ్నే లేదు. అది ఉంటే స్కోరు ఎంతైనా సరే, ఇవాళే దగ్గరివాళ్లకు చెప్పి, వాళ్లను తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మావారికి ఏడు ప్రశ్నల ఓపిక లేదు. ఆయన తరఫున నేను రాయొచ్చా?

జవాబు: వద్దు. లోపలి బెంగ పక్కవాళ్లకు కనబడేది కొంతే. మొదటి రెండు ప్రశ్నలే ఆయన్ను అడగండి. ఆ రెండూ కలిపి 3 గానీ అంతకుమించి గానీ వస్తే మిగతా అయిదూ రాయించండి.