గదిలో పెట్టి తాళం వేయకండి, కాఫీలో మాత్ర కలపకండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అన్నయ్య ఏళ్ల తరబడి రోజూ తాగుతున్నారు. ఇప్పుడు పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక పెగ్గు పడితేగానీ పళ్లు కూడా తోముకోలేకపోతున్నారు. సంక్రాంతి సెలవుల్లో గదిలో పెట్టి తాళం వేస్తే వారంలో దారికొస్తాడని మీ మేనమామ అంటున్నారు. కాఫీలో కలిపే మాత్రలున్నాయని తెలిసినవాళ్లెవరో చెప్పారు. ఈ రెండింట్లో ఏది మంచిదని అడిగారు. దయచేసి రెండూ చేయకండి.

మా నాన్న నిడదవోలు దగ్గర ఒక రైస్ మిల్లులో గుమస్తాగా చేసేవారు. అమ్మ తల మీద, నా తల మీద, చివరికి మా అబ్బాయి తల మీద కూడా చెయ్యి పెట్టి మానేస్తానని ఒట్టు వేశారు. ఒక ఏడాది కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నారు. 41 రోజులు ముట్టరు కదా, ఆ తర్వాత అదే అలవాటైపోతుందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ముందురోజు రాత్రి దాకా తాగిన మనిషి, తెల్లారి తలస్నానం చేసి ఒక్కసారిగా ఆపేశారు.

ఆ సాయంత్రానికే హారతి పళ్లెం పట్టుకోలేకపోయారు. చలికి అనుకున్నాం. రెండో రాత్రి నిద్ర లేదు, ఒళ్లంతా చెమట. మూడో రోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి చాప మీద కూర్చుని చీమలు ఏరుతున్నారు. దుప్పటి మీద ఏమీ లేదు. రెండు వేళ్లతో ఒక్కోదాన్నీ పట్టుకుని జాగ్రత్తగా పక్కన వదులుతున్నారు. నన్ను చూసి "అటు నడవకమ్మా, తొక్కేస్తావు" అన్నారు.

స్వామి ఒంటి మీదకి వచ్చారని ఒకరు, గాలి సోకిందని ఒకరు. ఊళ్లో ఆర్ఎంపీ వచ్చి నీరసం, గ్లూకోజ్ ఎక్కిద్దామన్నారు. మాల తీస్తే దోషమని అమ్మ ఏడుస్తోంది. గురుస్వామి గారే గట్టిగా చెప్పారు, "ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి, స్వామికి నేను చెప్పుకుంటాను" అని. రాజమండ్రి వెళ్లే దారిలో కారులోనే ఫిట్స్ వచ్చాయి.

అక్కడి సైకియాట్రిస్ట్ చెప్పిందే మీకు చెబుతున్నాను. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు మందుకి అలవాటుపడి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే కొద్ది గంటల్లోనే వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే. కొందరికి రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనపడతాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు కూడా. 2020లో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులు మూసేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రికి అంతమంది వచ్చింది ఈ లక్షణాలతోనే. మీ అన్నయ్యకి పొద్దున్నే చేతులు వణుకుతున్నాయంటే ఆయన ఆ దశలోనే ఉన్నారు. తాళం వేసిన గదిలో ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు?

ఆస్పత్రిలో వణుకు, ఫిట్స్ రాకుండా మందులిచ్చి, వాటిని రోజురోజుకీ తగ్గించుకుంటూ వచ్చారు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. బాగా తాగేవాళ్లలో అది అడుగంటి ఉంటుందట. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే దెబ్బ తగలొచ్చని విన్నాక, ఆ ఆర్ఎంపీని ఆ రోజు ఆపినందుకు మా ఆయనకి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఇక కాఫీలో కలిపే మాత్ర. దాని పేరు డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. అందుకే పేషెంట్‌కి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తారు. తెలియకుండా కలిపితే మీ అన్నయ్య ఎప్పటిలాగే తాగుతారు, ప్రాణం మీదికొస్తుంది. తర్వాత నిజం తెలిస్తే ఆ ఇంట్లో కాఫీ కూడా నమ్మరు. తాగాలన్న యావని తగ్గించే వేరే మందులున్నాయి, డాక్టర్‌ని అడగండి.

నాన్న ఆస్పత్రి నుంచి వచ్చాక ఎక్కువ మారాల్సి వచ్చింది అమ్మే. అంతకు ముందు మిల్లు ఓనరుకి ఫోన్ చేసి జ్వరమని చెప్పేది. బెల్టు షాపులో అప్పు తీర్చేది. పరువు కోసమే, పాపం. ఒక రోజు అన్నం తింటున్న నాన్న ఎదురుగా కూర్చుని, "మీ వైద్యానికి నా గాజులు అమ్మైనా డబ్బు తెస్తాను. మందుకి మాత్రం రూపాయి ఇవ్వను, మీ తరఫున అబద్ధం చెప్పను" అంది. అరవలేదు, ఏడవలేదు. మీ వదిన ఇలాంటి మాట చెప్పాలంటే వెనక మీరుండాలి. ఆయన చెయ్యి చేసుకునే రకమైతే ముందు వదినా పిల్లలూ వేరే చోట ఉండే ఏర్పాటు చూడండి.

ఐదు నెలల తర్వాత ఒక పెళ్లిలో నాన్న మళ్లీ తాగారు. మా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైందని నేను కుమిలిపోయాను. డాక్టర్ గారు మాత్రం షుగర్ మళ్లీ పెరిగినప్పుడు మాట్లాడినంత మామూలుగా మాట్లాడి, మందులు మార్చి, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి వెళ్లమన్నారు. దానికి ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు. అక్కడ తనలాంటి మరో మనిషి మాట్లాడుతుంటే విన్నాకే నాన్న తనది జబ్బని ఒప్పుకున్నారు. ఆరేళ్లయింది, మళ్లీ ముట్టలేదు.

ఆయన తాగి ఉన్నప్పుడు ఏమీ మాట్లాడకండి. కాస్త తేరుకుని ఉన్న వేళ చూసి, "నీ చేతుల వణుకు చూస్తుంటే భయమేస్తోంది అన్నయ్యా, డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను" అనండి. ఆలోపు ఆయనంతట ఆయన ఒక్కసారిగా ఆపేయకుండా చూడండి. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినట్టు మాట్లాడినా వెంటనే 108కి చేయండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 కూడా ఉంది. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రోజుకెంత తాగుతున్నారు, చివరిసారి ఎన్ని గంటలకి తాగారు, ఇదివరకు ఫిట్స్, కామెర్లు వచ్చాయా, ఏ మందులు వాడుతున్నారు అన్నీ రాసుకుని వెళ్లండి. డాక్టర్ ముందుగా అడిగేది అవే.