కాండియా మీద ప్రాజెక్టు రాస్తున్న మనవరాలికి

అమ్మలూ,

నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. క్రీట్ దీవిలోని కాండియా, అదే ఇప్పటి హెరాక్లియన్, తీసుకోవడం బాగుంది. కానీ సగానికి పైగా, దీవిని ఏలిన ఇటలీ నగరం వెనిస్ అక్కడికి పంపిన డ్యూకుల, అంటే పాలకుల గురించే రాశావు. వాళ్లు రెండేళ్లకోసారి మారిపోయేవాళ్లు. 1204 క్రూసేడు (క్రైస్తవుల మతయుద్ధం) తర్వాత వెనిస్ ఆ దీవిని వెయ్యి మార్కుల (మార్కు అంటే అప్పటి తూకం) వెండికి కొనడం, 1211 నుంచి తమవాళ్లకు అక్కడ భూములు పంచడం ఒక్క పేజీలో తేల్చెయ్.

ఊరు ఎలా బతికిందో నోటరీల రిజిస్టర్లలో ఉంది. పియెత్రో స్కార్దోన్ అనే నోటరీ 1271లో రాసినది అచ్చయింది, దాంతో మొదలుపెట్టు. ప్రతి ఒప్పందంలో డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ నెలలో వెళ్లిందో ముందు చూడు. ద్రాక్షసారా ఒప్పందాలైతే మరీ జాగ్రత్తగా చదవాలి. పట్నం వ్యాపారి కోతకు నెలల ముందే రైతుకు రొక్కం ఇస్తాడు. కోతలప్పుడు రైతు ఇన్ని కొలతల ద్రాక్షరసం పొయ్యాలి. ధర రొక్కం ఇచ్చేటప్పుడే తెగ్గొట్టేస్తారు కాబట్టి వడ్డీ అన్న మాట కాగితం మీద కనబడదు, ధరలోనే కలిసిపోయి ఉంటుంది. మన పల్లెల్లో పంట మీద అడ్వాన్స్ ఇచ్చే షావుకారు లెక్కే ఇదీను. బానిసల అమ్మకం పత్రాలూ తగులుతాయి. మనసు ఒప్పకపోయినా వాటిని దాటెయ్యకు.

గ్రీకులు ఒకవైపు, వెనిస్‌వాళ్లు ఒకవైపు అని గీత గీశావే, అది నిలబడదు. 1363లో రేవు మరమ్మతుకని వెనిస్ పన్ను వేస్తే ముందు తిరగబడ్డది అక్కడ స్థిరపడ్డ వెనిస్ భూస్వాములే. గ్రీకులు వాళ్లతో కలిశారు. పన్ను కట్టాల్సి వచ్చినప్పుడు ఎవరు ఎవరి పక్షమో అక్కడ తెలుస్తుంది. గోధుమల సంగతీ అంతే: వెనిస్ అనుమతి లేకుండా బయటికి అమ్మకూడదన్న రూలు రైతుకే కాదు, ఆ భూస్వాములకూ నష్టమే.

ఇంకోటి, ఆ పత్రాల్లో డబ్బు లెక్కకు వాడిన హైపర్‌పైరాన్లను ఇవాళ్టి రూపాయల్లోకి మార్చకు, అదంతా ఉత్త ఊహ. అదే ఊళ్లో అద్దె ఎంత, కూలి ఎంత అన్నదానితో పోల్చు.

రిజిస్టర్లు లాటిన్‌లో ఉన్నాయని టెన్షన్ పడకు. నోటరీలు ఒకటే మూసలో రాస్తారు, కొన్ని చదివేసరికి పేర్లూ అంకెలూ తప్ప మిగతాదంతా కళ్లకు అలవాటైపోతుంది. అర్థం కానివి ఫోటో తీసి పంపు, ఆదివారం ఫోన్‌లో కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
తాతయ్య